పెరట్లో పది నిమిషాలు

కోహెడలోని మా ఇంటి వెనుక చిన్న పెరడు ఉంది. ఒక మునగచెట్టు, ఒక జామ, గోడను ఆనుకొని గోరింట పొద, వంకాయ, మిరప మళ్ళు రెండు, వాటన్నిటికీ నడుమ అమ్మీ ఏటా తొలకరి పడగానే వెదురు బొంగులతో వేయించే సొరపందిరి. సొరకాయను మా వైపు ఆనిగెపుకాయ అంటారు. ఇంట్లో మేము కద్దూ అంటాం. పేరు ఏదైనా, ఆ ముక్కలు పడని దాల్చా మా ఇంట్లో దాల్చా అనిపించుకోదు. దైవప్రవక్త (స) సొరకాయను ఇష్టంగా తినేవారని తెలిపే హజ్రత్ అనస్ (రజి) హదీసును అమ్మీ ప్రతి ఏడాది మొదటి కాయ కోసిన రోజున పిల్లలకు వినిపిస్తారు.

గత వానాకాలంలో తీగ పందిరంతా అల్లుకొంది. పూలు విరివిగా పూశాయి. కాని పిందెలు వేలెడు పొడవు పెరగకముందే పసుపుబారి, కొన వాడి రాలిపోసాగాయి. మొదలుకు పశువుల ఎరువు వేశాం. దుకాణంలో ఇచ్చిన సీసాడు మందు నీళ్ళలో కలిపి చల్లాం. ఫలితం కనిపించలేదు.

ఇంతలో ఇంట్లో ఒక మాట పుట్టింది. పక్కింటి పెద్దమ్మ పందిరి కింద నిలబడి, “ఏం పూసింది చెల్లె మీ తీగ!” అని మెచ్చుకొని వెళ్ళిన మూడో రోజు నుంచే పిందెలు రాలుతున్నాయని ఎవరో లెక్కగట్టారు. నజర్ తగిలిందన్నారు. ఆమెను ఎదురుగా ఎవరూ ఏమీ అనలేదు. అయితే ఆ ఇంటికి వెళ్ళే గిన్నె మాత్రం ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఈద్‌కు మా సేమియా, సంక్రాంతికి వారి సకినాలు దాటుతున్న గోడ అది. ఒక తీగ కాయకపోతే ఒక పొరుగు దూరమైంది.

మా తీగకు ఏమైందో, దాన్ని ఎలా తెలుసుకున్నామో ఈ నెల పాఠకులతో పంచుకోవాలనుకుంటున్నాం. పెరట్లో పూలపై ఎవరు వాలుతున్నారో కూర్చుని చూడడం ఒక విద్య. అందుకు ప్రయోగశాల అక్కరలేదు. ఓపిక, ఒక నోటుపుస్తకం, పది నిమిషాలు చాలు.

పందిరి కింద నోటుపుస్తకం

మా ఇంటి తొమ్మిదో తరగతి అమ్మాయి బడిలో పరాగ సంపర్కం పాఠం చదువుకొంది. పువ్వులోని పుప్పొడి కీలాగ్రాన్ని చేరితేనే కాయ కడుతుందని, చాలా మొక్కల్లో ఆ పుప్పొడిని మోసేది కీటకాలేనని తెలుసుకొంది. “అయితే మన పూలకు ఎవరొస్తున్నారో లెక్కపెడతాను” అని కూర్చుంది. రోజూ ఉదయం ఎనిమిది గంటలకు పందిరి కింద పది నిమిషాలు. నాలుగు రోజులు గడిచాయి. మునగపై తుమ్మెదలు, వంగపూలపై చిన్న తేనెటీగలు, గోరింటపై రకరకాల ఈగలు ఆమె పుస్తకంలో చేరాయి. సొరపువ్వు ఎదుట మాత్రం సున్న.

అయిదో రోజు ఆమె అడిగింది: “దాదీ, నేను వచ్చేసరికే ఈ పూలు వాడుతున్నాయి. ఇవి విచ్చుకునేది ఎప్పుడు?”

“మగ్రిబ్ వేళకు బేటీ. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. నన్నెవరు అడిగారు?” అన్నారు అమ్మీ.

నిజమే, మేమెవరం అడగలేదు. సొరపువ్వు తెల్లనిది. సాయంసంధ్యలో విచ్చుకొని రాత్రంతా తెరిచి ఉండి మరునాడు వాడిపోతుంది. చీకట్లో కనిపించడానికే ఆ తెలుపు. దాని ప్రధాన అతిథులు రాత్రివేళ తిరిగే పెద్ద చిమ్మటలు. అవి పువ్వు ముందు గాలిలోనే నిలిచి, పొడవైన తొండం చాచి మకరందం పీలుస్తాయి. ఆ పనిలోనే పుప్పొడి ఒక పువ్వు నుంచి మరొక పువ్వుకు చేరుతుంది. సొరతీగకు మగ పూలు వేరు, ఆడ పూలు వేరు. మగ పువ్వుకు సన్నని పొడుగాటి కాడ ఉంటుంది. ఆడ పువ్వు అడుగున పుట్టుకతోనే బుల్లి పిందె ఉంటుంది. ఆ పిందెను చూసి కాయ పడిందని మనం సంతోషిస్తాం. వాస్తవానికి అది ఇంకా కాయ కాదు. ఆ ఒక్క రాత్రి పుప్పొడి అందితేనే కాయ అవుతుంది, అందకపోతే పసుపుబారి రాలిపోతుంది.

ఆ సాయంత్రం నుంచి నోటుపుస్తకం మగ్రిబ్ నమాజు తరువాతకు మారింది. మొదటి రాత్రే ఒక సంగతి బయటపడింది. పాముల భయంతో ఎండాకాలంలో మేము పెరటి గోడకు పెద్ద ఎల్‌ఈడీ దీపం బిగించాం. అది సరిగ్గా పందిరికి ఎదురుగా ఉంది. చిమ్మటలు వస్తున్నాయి, కాని పూల దగ్గరికి కాదు, దీపం చుట్టూ తిరుగుతున్నాయి. స్విట్జర్లాండ్‌లో శాస్త్రవేత్తలు పచ్చిక మైదానాల్లో రాత్రిళ్ళు దీపాలు అమర్చి జరిపిన పరిశోధన 2017లో నేచర్ పత్రికలో వెలువడింది. దీపం వెలుగు పడిన చోట రాత్రి కీటకాలు పూలపై వాలడం 62 శాతం తగ్గిందని, వారు గమనించిన ఒక మొక్కలో కాపు 13 శాతం పడిపోయిందని అందులో తేలింది. మా పెరటి దీపం గురించి మాకు అంతవరకు ఆలోచనే రాలేదు.

అయినా అనుమానం వేరు, రుజువు వేరు. అమ్మాయి ఒక పరీక్ష పెట్టింది. సాయంత్రం విచ్చుకుంటున్న ఆడ పూలలో సగానికి ఎర్ర దారం కట్టింది. అమ్మీ కోపగించుకున్నారు: “దారాలు కట్టడమేమిటి? నజర్‌కు తాయెత్తా?” “కాదు దాదీ, ఇది గుర్తు మాత్రమే” అని ఆమె వివరించింది. తాజా మగ పువ్వును కోసి, రేకలు తీసి, అందులోని పుప్పొడిని దారం కట్టిన ఆడ పూల మధ్యభాగానికి మెల్లగా రాసింది. దారం లేని పూలను వాటి మానాన వదిలేసింది. వారం తిరిగేసరికి దారం కట్టిన పిందెల్లో ఎక్కువ భాగం నిలిచి అరచేయంత అయ్యాయి. దారం లేనివి దాదాపు అన్నీ రాలాయి. అదే తీగ, అదే మట్టి, అదే నీరు. తేడా పుప్పొడి ఒక్కటే.

దీపాన్ని వాకిలి వైపుకు మార్చాం. పక్షం రోజుల్లో దారం లేని పిందెలు కూడా నిలవసాగాయి. దీపం ఒక్కటే కారణమని మేము వాదించం. ఆ రోజుల్లోనే ఊరి చుట్టూ పత్తికి మందు కొట్టడమూ తగ్గింది. రెండింటిలో దేని వాటా ఎంతో మా పుస్తకం చెప్పలేదు. కాని తీగకు కొరవడింది పరాగ సంపర్కమేనని మాత్రం చెప్పింది. పెద్దమ్మ మెచ్చుకోలుకు, పిందెల రాలుడుకు సంబంధం లేదని తేల్చడానికి అంత చాలు.

నమాజు వేళలు, పూల వేళలు

ఆ తరువాత పెరడంతా మా పాఠశాల అయింది. ప్రతి పువ్వుకూ ఒక వేళ ఉంది. ఫజ్ర్ నమాజు ముగించి వచ్చేసరికి గుమ్మడిపువ్వు విచ్చుకొని ఉంటుంది. జుహర్ వేళకు ముడుచుకుపోతుంది. గుమ్మడికి సాయంత్రం పుప్పొడి రాసి ఫలితం లేదు. కాకరపువ్వుదీ తెల్లవారుజామే. బీరపువ్వు అస్ర్‌కు, మగ్రిబ్‌కు నడుమ తెరుచుకుంటుంది. ఒక్క పూట చూసి ఫలానా పువ్వుకు కీటకాలు రావడం లేదని తీర్పు చెప్పడం మా మొదటి పొరపాటు.

ప్రతి పువ్వుకూ తగిన అతిథి కూడా ఉంది. వంగ, టమాట పూలలో పుప్పొడి బయటికి కనిపించదు. గొట్టాల వంటి పరాగకోశాల లోపల ఉండి, కొనన ఉన్న రంధ్రాల గుండా రాలుతుంది. తుమ్మెద, నీలి చారల తేనెటీగ వంటివి పువ్వును పట్టుకొని రెక్కల కండరాలతో ఝుమ్మని కంపింపజేస్తాయి. ఉప్పుడబ్బాను ఊపినట్లు పుప్పొడి రాలుతుంది. మనం పెట్టెల్లో పెంచే తేనెటీగలకు ఈ విద్య రాదు. కనుక తేనె ఇచ్చే ఈగ ఒక్కటే మేలు చేసే ఈగ అనుకోవడం సరికాదు.

మునగ సంగతి మన తెలుగు శాస్త్రవేత్తలే శోధించారు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన సి. సుబ్బారెడ్డి బృందం మునగపూల పరాగ సంపర్కంపై జరిపిన అధ్యయనం 1990లో ప్రచురితమైంది. మునగపూలపై ఎన్నో కీటకాలు వాలినా, ఆ పువ్వు నిర్మాణానికి తగినవి తుమ్మెదలు, నీలి చారల తేనెటీగలేనని వారు గుర్తించారు. మరొక చెట్టు పుప్పొడి అందినప్పుడు కాపు మెరుగుగా ఉంటుందనీ గమనించారు. మన మునగకు పొరుగింటి మునగ అవసరం అన్నమాట.

మామిడిపూతకు తేనెటీగలకన్నా మామూలు ఈగల సేవ ఎక్కువ. మన గుట్టల మీద కాసే సీతాఫలం పువ్వులోకి దూరేవి చిన్న పెంకు పురుగులు. ఆ పువ్వు మొదట ఆడ దశలో ఉండి తరువాత మగ దశకు మారుతుంది. ఒకదాని పుప్పొడిని మరొకదానికి చేర్చే పురుగు లేకపోతే కాపు పలచబడుతుంది. మా సిద్దిపేట జిల్లాలో ఇప్పుడు విస్తరిస్తున్న ఆయిల్‌పామ్‌ది మరొక కథ. మలేషియాలో ఒకప్పుడు కూలీలు చేతులతో ఆ పూలకు పుప్పొడి అద్దేవారు. 1981లో ఆఫ్రికాలోని కామెరూన్ నుంచి ఒక చిన్న ముక్కు పురుగును తెచ్చి తోటల్లో వదిలాక ఆ పని అవసరం తప్పింది. ప్రపంచంలోని ముఖ్య ఆహార పంటల్లో 75 శాతానికి పైగా ఎంతో కొంత ఇటువంటి జీవులపై ఆధారపడి ఉన్నాయని 2016లో అంతర్జాతీయ శాస్త్రవేత్తల నివేదిక ఒకటి పేర్కొంది.

మరొక మాట. గులాబీ ఆకుల అంచులు గుండ్రంగా, కత్తెరతో కోసినట్లు కనిపిస్తే పురుగు పట్టిందని వెంటనే మందు కొడతాం. అది ఆకు కోసే తేనెటీగ పని. ఆ ముక్కలను చుట్టి పిల్లలకు గది కట్టుకుంటుంది. మొక్కకు కలిగే నష్టం స్వల్పం. మా అబ్బాజాన్ కట్టించిన పాత మట్టిగోడలో పెన్సిల్ పట్టేంత రంధ్రాలు ఉండేవి. నీలి చారల తేనెటీగలు మెత్తని మట్టిలో, మట్టిగోడల్లో గూళ్ళు చేసుకుంటాయని ఇప్పుడు తెలిసింది. ఆ గోడలో సగం మేమే సిమెంటుతో పూసేశాం. మిగిలిన సగాన్ని అలాగే ఉంచాలని నిశ్చయించుకున్నాం.

పందిరి అన్న మాట

దివ్య ఖుర్‌ఆన్‌లో 16వ సూరాకు ‘నహ్ల్’, అంటే తేనెటీగ, అని పేరు. ఆ సూరాలోని 68, 69 ఆయత్‌లలో అల్లాహ్ తేనెటీగకు కొండల్లో, చెట్లపై, మనుషులు కట్టేవాటిలో నివాసాలు ఏర్పరచుకోవాలన్న ప్రేరణ ఇచ్చిన సంగతి ఉంది. అక్కడ తేనెటీగను సంబోధించిన క్రియలు స్త్రీలింగంలో ఉన్నాయి. మనుషులు కట్టేవి అన్నచోట వాడిన అరబీ మాటకు తీగలు పాకించే పందిరి అనే అర్థం కూడా ఉంది. సూరా అన్‌ఆమ్‌లో పందిళ్ళ తోటలను పేర్కొన్నప్పుడు వచ్చేదీ అదే ధాతువు. ఈ సంగతి తెలిసిన రోజు మేము పందిరి బొంగులను మళ్ళీ చూశాం. ఎండిన వెదురు చివర గుండ్రని రంధ్రం, దాని కింద రంపపు పొట్టు, లోపలి నుంచి తుమ్మెద ఝుంకారం. ఇన్నేళ్ళూ అది బొంగును పాడుచేస్తోందనుకున్నాం. తుమ్మెద కర్రను తినదు, గూడు కోసం తొలుస్తుంది. ఆలోచించేవారికి ఇందులో సూచన ఉందన్న భావంతోనే 69వ ఆయత్ ముగుస్తుంది. ఆలోచించాలంటే ముందు చూడాలి కదా.

చూసి, పరీక్షించి తెలుసుకోవడం మన సంప్రదాయానికి పరాయిది కాదు. సహీహ్ ముస్లింలోని ఒక హదీసు పరాగ సంపర్కానికి సంబంధించినదే. మదీనా ప్రజలు మగ ఖర్జూరపు పుప్పొడిని ఆడ చెట్లకు చేర్చడం దైవప్రవక్త (స) చూశారు. అది చేయకపోయినా బాగుండునేమో అన్నట్లు మాట్లాడారు. వారు మానివేశారు, ఆ ఏడు కాపు తగ్గింది. సంగతి తెలిసినప్పుడు, మీ ప్రాపంచిక వ్యవహారాలు మీకే బాగా తెలుసు అన్న భావంతో ఆయన వారి అనుభవానికి విలువనిచ్చారు. తోటవారి జ్ఞానానికి ఇంతకన్నా గౌరవం ఏముంటుంది? ఆ హదీసు ఎన్నోసార్లు విన్నాం. అయినా నలభై ఏళ్ళ అమ్మీ అనుభవాన్ని అడిగి తెలుసుకోవాలని మాకు తోచలేదు.

నజర్ గురించి హదీసులలో వచ్చినది వేరు. ఆధారం లేకుండా ఒక పొరుగామెను మనసులో దోషిగా నిలబెట్టడం వేరు. అనుమానాలకు దూరంగా ఉండమని సూరా హుజురాత్ 12వ ఆయత్ హెచ్చరిస్తోంది. మేము ఆ హెచ్చరికను ఒక పిందె కోసం మరిచాం.

మీ పెరట్లో ఎలా చూడాలి

బ్రిటన్‌లో 2017 నుంచి సామాన్య పౌరులు పాటిస్తున్న పద్ధతి మన ఇళ్ళకూ సరిపోతుంది. అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు గల చోటును, అంటే కాస్త అటూ ఇటూగా మూరెడు చోటును ఎంచుకోండి. అందులో ఒకే రకం పూలను గమనించండి. ముందుగా పూలెన్నో లెక్కించి రాయండి. తరువాత పది నిమిషాలు కదలకుండా కూర్చుని, ఏ కీటకం ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టండి. పేర్లు తెలియకపోతే చింత లేదు. పెద్ద తేనెటీగ, చిన్న తేనెటీగ, తుమ్మెద, ఈగ, సీతాకోకచిలుక, చిమ్మట, పెంకు పురుగు, చీమ అని వరుసలు గీసుకుంటే చాలు. తేదీ, వేళ, ఎండా మబ్బా, గాలి ఉందా, సమీపంలో ఎవరైనా మందు కొట్టారా అన్నది తప్పక రాయాలి. ఎవరూ రాని రోజు సున్న కూడా రాయాలి. మాకు దారి చూపింది ఆ సున్నలే.

పెరట్లో చూడడం పిల్లల ఆట అనుకోవద్దు. ఇంగ్లండులోని లెస్టర్ పట్టణంలో జెనిఫర్ ఓవెన్ అనే జీవశాస్త్రవేత్త 1972 నుంచి 2001 వరకు ముప్పై ఏళ్ళు తన ఇంటి తోటనే పరిశీలించారు. ఆ మామూలు తోటలో ఆమె నమోదు చేసిన జీవజాతులు 2,673. వాటిలో 1,997 కీటకాలే. నరాల వ్యాధి నడకను కష్టతరం చేసినా ఆమె ఆ పనిని విడువలేదు.

పెరడు లేని ఇళ్ళలోనూ మిద్దెపై నాలుగు కుండీలు ఉంటాయి. సబ్జా, పుదీనా, కొత్తిమీర మొక్కలను కొన్నింటినైనా పూతకు వదలండి. కొత్తిమీర పువ్వు మనకు పనికిరాదు. చిన్న తేనెటీగలకు, పూల ఈగలకు విందు. వెడల్పు పళ్ళెంలో గులకరాళ్ళు వేసి నీళ్ళు పోయండి. రాళ్ళు లేకపోతే ఈగలు మునిగిపోతాయి. పెరడంతా బండలు పరచకుండా కొంత నేలను వట్టిగా ఉంచండి. మందు తప్పనిసరైతే విచ్చిన పూలపై పడకుండా చూడండి. తేనెటీగలకు హాని చేస్తున్నాయని 2018లో ఐరోపా సమాఖ్య ఆరుబయట వాడకుండా నిషేధించిన మూడు మందుల్లో ఇమిడాక్లోప్రిడ్ ఒకటి. అది మన పత్తి చేలకు కొత్త కాదు. పక్క చేను రైతుతో తగవు పడనవసరం లేదు. ఏ రోజు, ఏ వేళ కొడతారో అడిగి తెలుసుకుంటే సగం పని అయినట్లే.

పిల్లలకు ఒక జాగ్రత్త చెప్పాలి. చెట్ల కొమ్మలకు వేలాడే పెద్ద తేనెపట్టుల దగ్గరికి పోకూడదు, రాళ్ళు విసరకూడదు. పెద్దలకు మరొకటి: పట్టును మంటతో కాల్చి తేనె తీయడం మన ఊళ్ళలో మామూలైపోయింది. చంపకూడదని దైవప్రవక్త (స) పేర్కొన్న నాలుగు జీవుల్లో తేనెటీగ ఒకటని అబూదావూద్‌లో ఉంది. తేనె తీసుకోవడానికీ, తేనెటీగలను తగలబెట్టడానికీ తేడా ఉంది.

ఆ ఏడాది మా పందిరికి నిలిచిన మొదటి కాయను అమ్మీ దాల్చాకు కోయలేదు. కొంగులో పెట్టుకొని తానే పక్కింటికి వెళ్ళారు. కారణమేమీ చెప్పలేదు; పెద్దమ్మ కూడా అడగలేదు. ఇన్నాళ్ళూ గిన్నె ఎందుకు రాలేదో ఆమెకు తెలుసో తెలియదో మాకు తెలియదు. తిరిగి వస్తున్నప్పుడు అమ్మీ చేతిలో గుప్పెడు బీరగింజలు ఉన్నాయి. గోడకు అటువైపు ఆమె పందిరి మీద పూసే బీరకూ, ఇటువైపు మా సొరకూ ఆ రాత్రి చిమ్మటలు ఒకటే. వాటికి మధ్యలో గోడ ఉందని తెలియదు.

మీ పెరటి నోటుపుస్తకాలు ఈ వారమే తెరుస్తారని ఆశిస్తున్నాం. చూసే కళ్ళను, అనుమానానికి ముందు ఆగే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక!